అరకుకి రైల్లో పైకి, రోడ్డు మీద కిందకి

పెళ్లికని ఎన్ని సెలవులు పెట్టినా అన్నీ పెళ్లి పనులే మింగేస్తాయి. పదహారు రోజుల పండగ, రెండువైపులా చుట్టాల ఇళ్లలో భోజనాలు, పుట్టింటికీ అత్తింటికీ రాకపోకలు అయ్యేసరికి ఇద్దరి ఖాతాలోనూ మిగిలేవి ఒక శనాదివారం, దానికి అతికించుకున్న ఒకట్రెండు సెలవులు. విశాఖ మధురవాడలో కాపురం, చెరో ఉద్యోగం ఉన్న మేం ఆ కాస్త వ్యవధిలో వేసుకున్న దారి ఇది: ముందు సింహాచలం, సాయంత్రం బీచ్, మర్నాడు రైల్లో అరకు, రాత్రి అక్కడే బస, ఆ మర్నాడు రోడ్డు మీద దిగడం. లంబసింగి, వంజంగి ఇందులో ఇరికించలేదు. వంజంగిలో మేఘాలు చూడాలంటే ముందురోజు రాత్రికే పాడేరు చేరి, చీకటి ఉండగానే లేచి కొండెక్కాలి. కొత్త జంటని తెల్లారక ముందే చలిలో నిద్ర లేపే యాత్ర ఏం యాత్ర!

టికెట్లు తీసేటప్పుడు చాలామంది తడబడేది పేరు దగ్గర. పెళ్లయింది కదా అని సరదాకి అమ్మాయి పేరు ముందు కొత్త ఇంటిపేరు పెట్టి బుక్ చేస్తారు. రైల్లో టీటీఈ చూసేది చేతిలో ఉన్న కార్డుని. ఆధార్‌లో పాత ఇంటిపేరే ఉంటే టికెట్ మీదా అదే ఉండాలి. హోటల్ గదికీ ఇదే లెక్క. ఇద్దరి ఇంటిపేర్లు వేరు, చిరునామాలు వేరు అని కౌంటర్లో సాగదీసేవాళ్లు కొన్నిచోట్ల తగులుతారు. ఇద్దరూ మేజర్లయితే గుర్తింపు కార్డులు చాలు, కానీ అర్ధగంట వాదన తప్పాలంటే ఫోన్‌లో శుభలేఖ ఫొటో ఒకటి ఉంచుకోవడం తేలిక.

విశాఖ వైపు కొత్త జంట ఎక్కడికి బయల్దేరినా ముందు సింహాచలం అప్పన్న దర్శనం చేసుకోమంటారు పెద్దవాళ్లు. స్వామి ఏడాది పొడుగునా చందనం పూతలోనే ఉంటాడు. నిజరూపం కనిపించేది వైశాఖ శుద్ధ తదియ ఒక్కనాడే. ఆ రోజు కొండ మీద ఇసకేస్తే రాలదు, కొత్త జంటలు ఆ ఒక్కరోజు మానుకుంటే మంచిది. మామూలు రోజుల్లో పొద్దున్నే వెళ్తే దర్శనం తేలిగ్గానే అవుతుంది. గుళ్లో ఉన్న కప్పస్తంభాన్ని కౌగిలించుకుని కోరిక చెప్పుకోవడం ఇక్కడి ఆనవాయితీ. ఎక్కువమంది కోరుకునేది సంతానం కాబట్టి అక్కడ వెనక నిలబడ్డ అత్తయ్యలు, పిన్నుల ముసిముసి నవ్వులకి సిద్ధపడే వెళ్లాలి. పట్టుచీర కట్టుకుని వెళ్లి అక్కణ్ణుంచే నేరుగా బీచ్‌కి వెళ్దామనుకుంటే మాత్రం ఒక జత బట్టలు బండిలో వేసుకోండి.

బీచ్‌రోడ్డులో ఒక సాయంత్రానికి కురుసుర సబ్‌మెరీన్ చాలు. సోవియట్‌లో తయారై 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియంగా తెరుచుకుంది. పొడవు దాదాపు 91 మీటర్లు, లోపల నడిచే దారి మాత్రం ఒక మనిషికి సరిపోయేంత. గదికీ గదికీ మధ్య గుండ్రటి ద్వారాల్లోంచి ముందు కాలు, తర్వాత తల వంచి దూరాలి. చీర కుచ్చిళ్లకి అక్కడే ఇబ్బంది. సోమవారం సెలవు, మామూలు రోజుల్లో మధ్యాహ్నం దాటాకే తెరుస్తారు. రోడ్డు దాటితే టీయూ 142 విమానం మ్యూజియం. రెండూ ఒకే పూట చూడొచ్చు గానీ ఆదివారం క్యూలో నిలబడి చూసేంత తొందర అవసరం లేదు. ఆ టైములో మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్) పొట్లం పట్టుకుని గట్టు మీద కూర్చోవడం మేలు. నిమ్మకాయ ఎక్కువ, కారం తక్కువ అని ముందే చెప్పాలి, కలిపేశాక చెప్తే లాభం లేదు.

సముద్రం దగ్గర ఒక్క మాట గట్టిగా. ఆర్కే బీచ్‌లో మోకాలి లోతు దాటి దిగొద్దు. ఇక్కడ ఒడ్డు ఒక్కసారిగా లోతవుతుంది, వెనక్కి పోయే నీరు కాళ్ల కింద ఇసకని లాగేస్తుంది. చుట్టూ అలలు విరుగుతుంటే మధ్యలో ఒక పాయ మాత్రం నిమ్మళంగా, కాస్త మట్టిరంగులో కనిపిస్తుంది చూడండి, ఫొటోకి బాగుందని జంటలు దిగేది సరిగ్గా అక్కడే. ఒడ్డుకి వచ్చిన నీరంతా లోపలికి తిరిగి పోయే దారి అది. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ పాయ దాటాక బయటికి రావాలి. కొత్త గాజులు, ఉంగరాలు తీసి గదిలో పెట్టడం కూడా మంచిదే. చల్లటి నీళ్లలో వేళ్లు కాస్త సన్నబడతాయి, ఉంగరం ఎప్పుడు జారిందో కూడా తెలీదు.

ఇక అసలు ప్రయాణం. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే ప్యాసింజర్ ఉదయం ఏడు లోపే కదులుతుంది, అరకు చేరేసరికి పదకొండు ప్రాంతం అవుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపి జపాన్‌కి పంపడానికి 1960లలో వేసిన లైను ఇది. ఇప్పటికీ ఖనిజం రైళ్లదే ఇక్కడ పెద్దపీట. ఘాట్‌లో ఏదో చిన్న స్టేషన్లో మన రైలు ఊరికే ఆగిందంటే ఎదురుగా గూడ్సు దిగుతోందని అర్థం. అందుకే అరకులో పదకొండున్నరకే ఎవరినో కలవాలని మాట ఇచ్చుకోకూడదు.

అద్దాల విస్టాడోమ్ పెట్టె ఈ లైనులోకి 2017లో వచ్చింది. రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుచుకుంటుంది. నవంబరు నుంచి జనవరి దాకా శనాదివారాల సీట్లు చూస్తుండగానే అయిపోతాయి, మంగళ బుధవారాల్లో తేలిగ్గా దొరుకుతాయి. కుర్చీలు చుట్టూ తిరుగుతాయి, పైకప్పు కూడా అద్దమే. కానీ నన్నడిగితే ఫొటోలకి మామూలు పెట్టె కిటికీయే నయం. విస్టాడోమ్ అద్దంలో లోపలి దీపాలు, మన చొక్కా రంగు అన్నీ ప్రతిఫలిస్తాయి. అందులోనే వెళ్తే ముదురు రంగు బట్టలు వేసుకుని, ఫోన్ కెమెరాని అద్దానికి ఆనించి తీయాలి. ఏ పెట్టెలో ఎక్కినా వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోండి, లోయలు ఎక్కువగా అటే పడతాయి.

ఇడ్లీ పొట్లం ఊళ్లోనే కట్టించుకుని ఎక్కి, శృంగవరపుకోట వచ్చేలోపు తినేయాలి. బొడ్డవర దాటగానే కొండ మొదలవుతుంది, ఆ తర్వాత చేతులకి ఫోన్ తప్ప ఇంకేం పట్టుకోబుద్ధి కాదు. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, ఇలా ఒక్కో స్టేషనుకీ గాలి చల్లబడుతుంది. ఈ మార్గంలో సొరంగాలు 58 అని చెప్తారు. సొరంగం రాగానే పెట్టెంతా ఒకటే కేకలు, కాలేజీ పిల్లలు ఉంటే ఇక చెప్పక్కర్లేదు. చీకట్లో కొత్త జంటలు కేకలు వేయకపోవడానికి కారణాలు వేరే ఉంటాయి. అయితే కొన్ని సొరంగాలు మరీ పొట్టివి, వెలుతురు అనుకున్నదానికన్నా ముందే వచ్చేస్తుంది. సిమిలిగూడ స్టేషన్లో సముద్రమట్టానికి 996.32 మీటర్లు అన్న బోర్డు ఉంటుంది. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ లైన్లలో ఇదే ఎత్తయిన స్టేషన్. అక్కణ్ణుంచి రైలు కాస్త కిందకి దిగి అరకు చేరుతుంది.

బొర్రా గుహలు దారిలోనే కాబట్టి అక్కడే దిగిపోయి, చూసి, జీపులో అరకు వెళ్లిపోదామనిపిస్తుంది. ఒక చిన్న బ్యాగే ఉంటే అలాగే చేయొచ్చు. పెట్టెలు లాక్కుంటూ అయితే వద్దు, గుహలోపల మెట్లు చాలా ఉంటాయి, పైనుంచి నీరు కారుతూ నేల జారుతుంది. మేం అరకు వెళ్లి, మర్నాడు దిగేటప్పుడే గుహలు చూసుకున్నాం. మధ్యాహ్నం భోజనానికి ఆపుతారు కాబట్టి పదకొండు లోపు టికెట్టు తీసుకోవాలి. కాళ్లకి పట్టున్న బూట్లు కావాలి గానీ, కొత్త మెట్టెలతో బూట్లు వేస్తే వేలు నలిగి పుండవుతుంది. మెట్టెల చుట్టూ గుడ్డ ప్లాస్టర్ ఒక చుట్టు చుట్టి, మందం సాక్సు వేస్తే సరి. సున్నపురాయిని నీరు కరిగించి, బొట్టుబొట్టుగా దింపి పేర్చిన ఆకారాలివి. పై నుంచి వేలాడేవీ, కింద నుంచి లేచేవీ చేత్తో ముట్టకూడదు, చర్మం జిడ్డు అంటితే అక్కడ రాయి పేరుకోవడం ఆగిపోతుంది. మనం లోపల ఉన్నప్పుడు పైన కొండ మీద రైలు కూడా పోతుంటుంది, పొద్దున మనం వచ్చిన లైనే.

అరకులో గది తీసుకునేటప్పుడు ఊరి నడిమధ్య కాకుండా కాస్త ఎడంగా చూడండి, రాత్రి బస్సుల హారన్లు తప్పుతాయి. గదిలో గీజరు ఉందా, ఏ వేళల్లో పనిచేస్తుందో ముందే అడగాలి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి పదికి కిందకి దిగుతుంది, ఒక్క దుప్పటి ఇద్దరికీ చాలదు. మొహమాటపడకుండా రెండోది అడగాలి. ఆఫీసు మీటింగులు ఉంటే ఊళ్లో సిగ్నల్ పర్వాలేదు, సొరంగాల్లోనూ గాలికొండ మలుపుల్లోనూ నమ్మకం లేదు. మేనేజరుకి ఆ రెండు పూటలు ఫోన్ కలవదని ముందే చెప్పేస్తే గొడవ ఉండదు.

అక్టోబరు చివర నుంచి వలిసె పూలు పసుప్పచ్చగా విచ్చుకుంటాయి. పెళ్లి ఆల్బంలో చివరి పేజీలకి ఇవే కావాలని కెమెరాలతో దిగేవాళ్లు ఎక్కువ. అది నూనెగింజల పంట, రైతు పొలం. ఫొటోకి కొంత తీసుకుంటారు, ఇచ్చేయండి. మొక్కలు తొక్కకుండా గట్టు మీద నిలబడి తీసినా ఫొటో బాగానే వస్తుంది, కెమెరాని నడుం ఎత్తుకి దించితే పూలు ముందుకొచ్చి గట్టు కనిపించదు.

సాయంత్రం బొంగులో చికెన్. మాంసానికి ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, కొత్తిమీర పట్టించి, చుక్క నూనె లేకుండా పచ్చి బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పుతూ అరగంట, నలభై నిమిషాలు కాలుస్తారు. పచ్చి బొంగులోని తడే లోపల ఆవిరై ముక్కని ఉడికిస్తుంది. ఎండిన బొంగు వాడితే ముందు అదే అంటుకుని పగులుతుంది, ముక్క పొగ వాసన వేస్తుంది. మంట పెద్దది చేసి తొందరపెడితే అంచు మాడి నడుమ పచ్చి మిగులుతుంది. అందుకని ముందే కాల్చి వరసగా నిలబెట్టినవి వద్దని, కొత్తది పెట్టమని అడిగి కూర్చోవాలి. ధర పచ్చి మాంసం తూకానికా, ఉడికాక తూకానికా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. ఇద్దరికి అరకిలో చాలు.

కాఫీపొడి కొనేటప్పుడు చికోరీ కలిసిందా లేదా అడగండి. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఇంట్లో ఇత్తడి ఫిల్టరుకి అలవాటుపడ్డ నాలుకకి చికోరీ లేని అరబికా మొదట పల్చగా తోస్తుంది. ఇరవై గ్రాముల పొడికి నూట ఇరవై మిల్లీలీటర్ల మరిగిన నీళ్లు పోసి, డికాక్షన్ తనంతట దిగనిస్తే చిక్కదనం వస్తుంది. ఫిల్టరులో పొడి మీద పెట్టే పలక గట్టిగా నొక్కితే నీళ్లు దిగవు, వదులుగా వేస్తే గబుక్కున జారిపోతాయి. సుంకరమెట్ట దగ్గర తోటలో సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియం తీగ, దాని నీడలో కాఫీ మొక్కలు దగ్గర్నుంచి చూడొచ్చు.

దిగడానికి రైలు ఎందుకు వద్దన్నామంటే, అది కిరండూల్ నుంచి వస్తుంది, ఆలస్యం మామూలే, చలికాలంలో ఘాట్ సగంలోనే చీకటి పడుతుంది. రోడ్డు మీద అయితే గాలికొండ, అనంతగిరి, త్యాడ మీదుగా ఆగుతూ దిగొచ్చు. సాయంత్రం నాలుగు దాటకుండా బయల్దేరాలి, ఆపైన మంచు దిగి మలుపులు కనిపించవు. కడుపులో తిప్పేవాళ్లు బస్సులో ముందు సీట్లు అడిగి, దూరంగా రోడ్డు వైపు చూస్తూ కూర్చోవాలి, ఫోన్ చూస్తే ఇక అంతే సంగతులు. అద్దె స్కూటీ మీద దిగేవాళ్లకి మాత్రం ఒక హెచ్చరిక. గేర్లు లేని బండికి ఇంజన్ పట్టు తక్కువ, కిందిదాకా బ్రేకు పట్టుకునే ఉంటే బ్రేకు షూలు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఎలాగూ దిగుడే కదా అని ఇంజన్ కట్టేస్తే ఉన్న పట్టు కూడా పోతుంది. నొక్కి వదిలి, నొక్కి వదిలి దిగాలి, మధ్యలో రెండు మూడుచోట్ల పావుగంట ఆపి చల్లారనివ్వాలి.

కారుంటే పాడేరు మీదుగా చోడవరం వైపు దిగే దారి ఇంకొకటి. దూరం ఎక్కువే, కానీ అటు మాడుగుల తగులుతుంది. గోధుమలు రోజుల తరబడి నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, పులియనిచ్చి, పంచదార, నెయ్యి, జీడిపప్పు, బాదం వేసి కట్టెల పొయ్యి మీద తిప్పి తిప్పి దింపే మాడుగుల హల్వా కొత్త జంటకి బలమని ఈ వైపు పేరు. మంచి హల్వా వేలితో నొక్కితే నెయ్యి ఊరి, మళ్లీ లేస్తుంది. పంటికి అతుక్కుందంటే పాకం సరిగా కుదరలేదన్నమాట. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, నెయ్యి గడ్డకట్టి హల్వా రాయిలా అవుతుంది. బయట మూతపెట్టి, తడి చెంచా తగలనీయకుండా వాడుకోవాలి. పుట్టింటికీ అత్తింటికీ ఒకే తూకం పొట్లాలు కట్టించి, ఆఫీసుకి వేరే తీసుకోండి, అందులోంచి తీసి ఇద్దామనుకుంటే ఏదో ఒక ఇంటికి వంద గ్రాములు తగ్గుతుంది, ఆ సంగతి వాళ్లకి తెలియకుండా ఉండదు.