పటం తేలికే, ఏడిపించేది బిళ్ళ వెనకవైపు: మీనా డయల్ అనుభవం

డయల్ నిన్ననే గడియారంలో కూర్చుంది. కోపం చల్లారకముందే రాస్తున్నా.

మీనా అంటే లోహం మీద పూసి కొలిమిలో కరిగించే రంగు గాజుపొడి. మా ప్రొద్దుటూరులో అది లాకెట్ మీద ఎర్ర రేకు, ఉంగరం మీద పచ్చ చుక్క, అంతే. ఇది వేరే పని. ప్రపంచంలో ఏ ఊళ్ళో ఎంత టైమో ఒక్క చూపులో చెప్పే గడియారానికి నడుమ పటం కావాలి. ఆ యంత్రం జెనీవాలో లూయీ కోటియే అనే గడియారాల పనివాడు 1931లో కట్టింది. చుట్టూ ఊళ్ళ పేర్లు, లోపల 24 గంటల రింగు, మధ్య ఖాళీ. ఆ ఖాళీలోనే పటేక్ ఫిలిప్ అనే గడియారాల కంపెనీ వాళ్ళు 1950లలో 2523 మోడల్‌లో, 2008లో వచ్చిన 5131లో బంగారు తీగతో ఖండాలు గీయించారు. చేయించుకునేవాళ్ళు తెచ్చి చూపించేవి ఆ ఫొటోలే.

డయల్‌కు అడుగున ఉండే రాగి బిళ్ళ కోయడం, చిన్నగా ఉబ్బెత్తు చేయడం, చింతపండు నీళ్ళలో తోమడం మనకు కొత్తేం కాదు. బిళ్ళ 22 మిల్లీమీటర్లు, మందం 0.3. నడిమి రంధ్రం ముందే వేయాలి, కావలసినదానికంటే కాస్త పెద్దదిగా. మీనా అంచు మీదికి పాకి దాన్ని ఇరుకు చేస్తుంది. ఆ తర్వాత మామూలు బిట్టుతో పెంచబోతే పెచ్చు ఎగురుతుంది. డైమండ్ బిట్టు, అదీ నీళ్ళలో.

తీగ మేలిమి బంగారం. కమ్మచ్చులో, అంటే సన్న రంధ్రాల పలకలో లాగి, మిషన్‌లో నొక్కి, 0.07 మందం, 0.4 ఎత్తు పట్టీ చేసుకున్నా. 'వెండి చాలదా' అని అడుగుతారు. వెండి ఒట్టి రాగికి తగిలిన చోట రెండూ కలిసి 779 డిగ్రీలకే కరుగుతాయి. మన కొలిమి 800 దగ్గర ఉంటుంది. ఇంక అడగొద్దు. బంగారమైనా సరే, కింద రంగులేని మీనా ఒక పూత కాల్చాకే తీగ పెట్టాలి.

వంపు తిరిగిన తీగ తనంతట తానే నిలబడుతుంది, తిన్నగా ఉన్నది పడిపోతుంది. కాబట్టి సౌరాష్ట్ర సులువు, మన కోరమండల్ తీరం కష్టం. ఆ తీరానికి అక్కడక్కడా కంటికి ఆనని వంపు ఇచ్చా. తీగ అంటుకోడానికి తుమ్మబంక పల్చగా, చుక్కంత. చిక్కగా పెడితే కాలేటప్పుడు బుడగ లేస్తుంది. శ్రీలంక ఈ కొలతలో ముప్పాతిక మిల్లీమీటరు. సూది మొనకు చుట్టి మూసిన రింగు అది. మా బజారులో ఇంకెవరైనా చేస్తే నాకు చూపించండి.

ఇక అసలు గోస, పగుళ్ళు. కొలిమిలోంచి తీసినప్పుడు సముద్రం అద్దంలా ఉంటుంది. తెల్లారి చూస్తే అరేబియా సముద్రంలో వెంట్రుకంత గీత. దీనికి ఎవరిని అడిగినా 'వేడి ఎక్కువైంది' అంటారు. కాదు. చల్లారేటప్పుడు రాగి ఎక్కువ ముడుచుకుంటుంది, మీనా తక్కువ. అందుకని ముందువైపు ఒక్కటే పూస్తే బిళ్ళ వంకర పోతుంది, అంచున పెచ్చులు లేస్తాయి. వెనకవైపు కూడా దాదాపు అంతే మందం పూయాలి. మెరుగు పెట్టాక ముందు 0.3 మిగిలితే వెనక 0.25. ఎవరూ చూడని వైపని పనికిరాని పొడి పూసేవాళ్ళు ఉన్నారు. చూసేవాడి కోసం కాదు, బిళ్ళ నిలవడం కోసం.

వెనక సరిగ్గా పూసినా గీత పడిందంటే తప్పు పొడిది. నీలం పొడి అమ్మినాయన డబ్బా మీద కంపెనీ లేదు, సీసం ఉందో లేదో రాయలేదు. అడిగితే 'అన్నీ ఒకటే అన్నా, అందరూ తీస్కపోతాండారు' అన్నాడు. ఒకటే కాదు. పైపూత కిందిదానికంటే ఎక్కువ ముడుచుకుంటే తనను తానే లాక్కుని చీలుతుంది. సీసం ఉన్నదీ లేనిదీ కలిపితే కూడా ఇదే తంటా. బజారులో పెద్దలు నా చేతివాటం బాగాలేదని నవ్విపోయారు గానీ పొడిని ఒక్కరూ అనుమానించలేదు.

డబ్బా కొన్నవెంటనే ఇది చేయండి. 8 సెంటీమీటర్ల పొడుగు, సెంటీమీటరు వెడల్పు పల్చటి రాగి పట్టీ మీద ఒకవైపే పూసి కాల్చండి. చల్లారాక మీనా వైపు ఉబ్బితే మంచిది, రాగి దాన్ని నొక్కి పట్టుకుంది. పట్టీ తిన్నగా ఉన్నా, మీనా వైపు గుంట పడినా ఆ పొడి డయల్‌కు పనికిరాదు. వాడే ప్రతి రంగుకూ ఇది చేయాలి. రంగులన్నీ ఒకే కంపెనీవి అయితే సగం తలనొప్పి పోతుంది.

పొడిని కల్వంలో తడిగానే నూరాలి, సీసం దుమ్ము పీల్చొద్దు. పాలలా తేలే నీళ్ళు పారబోస్తూ, తేటగా వచ్చేదాకా కడగాలి. మా బోరు నీళ్ళతో కడిగితే సముద్రం మబ్బు పడుతుంది, ఆ ఉప్పూ సున్నం పొడిలోనే ఉండిపోతాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ నీళ్ళు వాడండి, యాసిడ్ కాదు. గాలికాలంలో కిటికీ మూసుకోండి, నీలంలో పడిన నల్ల నలుసు పోదు.

నింపడం మూడు నాలుగు పూతల్లో. ప్రతి పూతా కొలిమి మూతి దగ్గర ఆవిరి ఆగేదాకా ఆరాలి, తర్వాత 800 దగ్గర నిమిషం, నిమిషంన్నర. మోటార్లు నడిచే వేళ వోల్టేజీ పడి కొలిమి తేరుకోదు, రాత్రి పెట్టుకోండి. చివర్లో నీళ్ళలో కార్బొరండం రాయితో తీగ బయటపడేదాకా అరగదీసి, మెరుపు కోసం మరొక్కసారి కొలిమి చూపిస్తే చాలు.

ఈ డయల్ చేయించుకున్న ఆసామి చివర్లో పెట్టిన పేచీ: 'రింగులో మన టైము యాడుంది?' లేదు. 24 ఊళ్ళ రింగు గంటకొక మెట్టు, మనం కరాచీకి ఢాకాకు నడుమ అరగంటలో పడతాం. వాచరాన్ కాన్‌స్టాంటిన్ వాళ్ళు 2011లో 37 టైము మండలాలతో ఒక గడియారం చేశారు, అందులో అరగంటలూ ఉన్నాయి. ఆ యంత్రం కొనుక్కోమన్నా.

డయల్‌ను యంత్రానికి బిగించే కాళ్ళు బిళ్ళకే టంకం పెట్టొద్దు. మళ్ళీ వేడి తగిలితే పగులుతుంది. కాళ్ళున్న ఇత్తడి పళ్ళెం వేరే చేసి, గుంటలో మూడు చోట్ల పల్చగా జిగురు పెట్టి కూర్చోబెట్టాలి. అంచు చుట్టూ వెంట్రుకంత సందు వదలండి. బిగుతుగా నొక్కితే అంచు లేస్తుంది. కూర్చోబెట్టాక గంటల ముల్లును చేత్తో ఒక చుట్టు తిప్పి, తీగకు తగలట్లేదని చూశాకే అద్దం బిగించండి.