ఏడు మెట్ల బావి

కందుకూరులో మేం చదువుకునే రోజుల్లో వేసవి సెలవులంటే నాకు అమ్మమ్మగారి ఊరే. ఆ ఊరు ఉలవపాడు. చివరి పరీక్ష రాసిన సాయంత్రమే అమ్మ ట్రంకుపెట్టె సర్దేది. మర్నాడు పొద్దున్నే ఎర్రబస్సు.

మామయ్య వాళ్ల మామిడితోటలో బంగినపల్లి కాయలు కోసి, చీకటి గదిలో వరిగడ్డి పరిచి మాగేసేవాళ్లు. మూడో నాటికి వాసన తలుపు సందుల్లోంచి వసారాలోకి వచ్చేది. "ఇంకా మాగలేదు, చెయ్యి పెట్టబాకండి" అని అమ్మమ్మ అరుస్తూనే ఉండేది. మేం గడ్డిలోకి చెయ్యి దూర్చి ఒక్కో కాయనూ బొటనవేలితో నొక్కి చూసేవాళ్లం. మెత్తగా తగిలిందంటే అది ఆ పూటకే మాయం. సొన అంటుకుని పెదాల పక్కన పొక్కినా ఎవరమూ ఆగింది లేదు. తోట మధ్య దిగుడుబావి. చివరి మెట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో వేలాడేసి పండ్లు తినేవాళ్లం. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఏడు మెట్లు.

నా లోకానికి హద్దులు గట్టివి. తూర్పున కరేడు దాటితే సముద్రం, ఆ తర్వాత ఏమీ లేదు. రైలు పట్టాలకు ఈ కొసన బెజవాడ, ఆ కొసన మద్రాసు. పడమట మా కందుకూరు. ఈ నడుమ ఉన్న పిల్లలందరికీ ఒక అమ్మమ్మ, ఒక తోట, ఒక బావి ఉంటాయనే అనుకున్నాను.

అమ్మమ్మ మాత్రం "మనం నెల్లూరోళ్లం" అనేది. కాదు, ప్రకాశం జిల్లా అని నేను దిద్దేదాన్ని. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మా కందుకూరు తాలూకాను నెల్లూరు నుంచి అందులో కలిపారని, 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారని నాకు చాలా తర్వాత తెలిసింది. 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరు జిల్లాలో కలిసేనాటికి ఆమె లేదు.

1983 జూన్. ఎనిమిదో తరగతి మొదటి వారం. 'వేసవి సెలవులు ఎలా గడిపావు' అని తెలుగు మాస్టారు వ్యాసం రాయమన్నారు. నేను నాలుగు పేజీలు రాశాను. నా పక్కన కూర్చునే స్నేహితురాలు కూడా రాసింది. తోట, వరిగడ్డి, ఏడు మెట్ల బావి, అన్నీ నావే. కోపంతో మాస్టారికి చెప్పేశాను. ఆయన రెండు పుస్తకాలూ చదివి, ఏమీ అనకుండా ఇద్దరికీ ఒకే మార్కులు వేశారు. నెల రోజులు దానితో మాట్లాడలేదు.

ఆ జూన్‌లో దాని వేళ్లు ఎర్రగా ఉన్నాయి. గోరింటాకు పండిందనుకున్నాను.

మూడేళ్ల క్రితం మా 1986 పదో తరగతి బ్యాచ్ కలిసినప్పుడు ఆ సంగతి నేనే ఎత్తాను. అది నవ్వేసి, "నాకు రాయడానికి ఏముందే? నీ సెలవులు బాగుండాయని రాసుకున్నా" అంది. ఆ వేసవంతా వాళ్లమ్మతో పొగాకు గ్రేడింగుకు పోయిందట. బ్యారన్ అనే కొట్టంలో వేడికి ఆరబెట్టిన ఆకును మండెల్లోంచి, అంటే పేర్చిన కుప్పల్లోంచి తీసి, రంగు చూసి, మచ్చ చూసి వేరు చేయాలి. పొద్దున ఏడింటికి కూర్చుంటే చీకటి పడిందాకా అదే పని. ధూళికి ఒకటే తుమ్ములు, గొంతులో చేదు. చేతులు ఎంత కడిగినా అన్నం ముద్దకు అదే వాసన. మూడేళ్లు ఒకే బెంచీ మీద దాని భుజానికి భుజం ఆనించి కూర్చున్నాను. సెలవుల్లో ఎక్కడికి పోయావని ఒక్కసారీ అడగలేదు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

పోయిన మే నెలలో దాన్ని ఉలవపాడు తీసుకెళ్లాను. తోట సగమే మిగిలింది. మామయ్య కొడుకు కాయలు కోయిస్తానన్నా వినకుండా అది నేరుగా బావి దగ్గరికి నడిచింది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ గట్టిగా లెక్కపెడుతూ దిగింది. నేను పైనే నిలబడ్డాను.

"ఏడని రాశావు కదే, ఇరవై దాకా ఉండాయే" అంది లోపలి నుంచి.

మా చిన్నప్పుడు నీళ్లు ఏడో మెట్టు దాకా ఉండేవి.