కింది అంకె జోలికి పోవద్దు

మన పదో తరగతి బ్యాచ్ కలుసుకునే కార్యక్రమం సంచికకు ఏదైనా రాసి పంపమని కమిటీ వాళ్లు ఫోన్ చేశారు. ఎనిమిది, తొమ్మిది తరగతులు ఎంత తవ్వినా పైకి రాలేదు. పదో తరగతిలో ఫిజికల్ సైన్స్ మేడం పీరియడ్లు మాత్రం సుద్దపొడితో సహా కళ్లముందుకొచ్చాయి. కాబట్టి ఇదంతా మేడం గురించే.

రసాయన సమీకరణం తుల్యం చేయడం, అంటే బాణానికి రెండు వైపులా పరమాణువుల లెక్క సరిచేయడం, నేర్పడానికి మనల్ని పరమాణువులుగా నిలబెట్టిన రోజు గుర్తుందా? హైడ్రోజన్ జంట ఒకటి, ఆక్సిజన్ జంట ఒకటి. "చేతులు మార్చుకుని నీళ్లవ్వండి" అన్నారు. ఒక ఆక్సిజన్ మిగిలిపోయాడు. ఎవరో రాయక్కర్లేదు, ఇప్పటికీ వాణ్ణి ఆ పేరుతోనే పిలుస్తున్నాం. వాణ్ణీ నీళ్లలోనే కలిపేద్దామని వెనక బెంచీ అరిచింది. "అప్పుడది హైడ్రోజన్ పెరాక్సైడ్, నీళ్లు కాదు. కింది అంకె, H₂Oలో 2 లాంటిది, పదార్థానిది, దాని జోలికి పోవద్దు. ముందు వేసే అంకే మీది" అన్నారు మేడం. ఇంకో హైడ్రోజన్ జంటను లేపగానే రెండు నీటి అణువులు తయారు, మిగిలినవాడు లేడు. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లావోయిజర్ 1789లో తన పుస్తకంలో చెప్పిన ద్రవ్యనిత్యత్వ నియమం (చర్యలో ద్రవ్యం పుట్టదు, పోదు) ఇదేనని ఆ తర్వాతే చెప్పారు. ముందు చేయించి, తర్వాత నియమం పేరు చెప్పడం ఆవిడ పద్ధతి. అంతకంటే మంచి పద్ధతి నేనింతవరకూ చూడలేదు.

బ్యూటేన్ అనే ఇంధన వాయువు మండే సమీకరణం దగ్గర ఆరున్నర ఆక్సిజన్ వచ్చి క్లాసంతా ఆగిపోయింది. "అర అణువు ఎక్కడుంటుంది? అన్నిటినీ రెట్టింపు చేయండి" అన్నారు. 2 బ్యూటేన్, 13 ఆక్సిజన్ కలిస్తే 8 కార్బన్ డయాక్సైడ్, 10 నీళ్లు. ఎంత హాయిగా కుదిరిందో!

పబ్లిక్ పరీక్షలు, కాలేజీ, ఉద్యోగం... అవన్నీ మీకు తెలిసినవే. ఇప్పుడు ఫ్యాక్టరీలో బాయిలర్ల బాధ్యత నాది. ఇంధనంగా వాడే ప్రొపేన్ వాయువు ఘనపరిమాణంలో ఒక వంతు మండాలంటే ఆక్సిజన్ 5 వంతులు కావాలి. గాలిలో ఆక్సిజన్ 21 శాతమే కాబట్టి గాలి దాదాపు 24 వంతులు. తగ్గితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, మరీ ఎక్కువైతే వేడంతా పొగగొట్టం పాలు. కొత్తగా చేరిన ఇంజనీర్లను వచ్చీరాగానే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టను. కాగితం మీద సమీకరణం తుల్యం చేయిస్తాను. ఇంధనం లెక్కల్లో తేడా వస్తే పై ఆఫీసు వాళ్లు ముందు నాకే ఫోన్ చేస్తారు. ఈ మాట మేడం చెవిన పడాలనే రాస్తున్నాను.

కార్యక్రమానికి మేడం వస్తున్నారట. పొటాషియం పర్మాంగనేట్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం సమీకరణం తప్పకుండా అడుగుతారు. చూసుకుని రండి: 2KMnO₄ + 16HCl → 2KCl + 2MnCl₂ + 5Cl₂ + 8H₂O.