మూడు చక్రాల బండికి పొరల తొట్టి: ఇప్పటివరకు జరిగిన పని

తొట్టి నేల, రెండు పక్క గోడలు పూర్తయ్యాయి. అంచులు కోశాక తూకం వేస్తే ఏడున్నర కిలోలు తూగింది. ఒక్కరు వెనక్కి వాలి కూర్చుని తొక్కే బండి ఇది. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి, ఎత్తులకు సాయంగా చిన్న మోటారు. లోపల ఇనుప ఫ్రేము పెట్టకుండా తొట్టే బరువంతా మోయాలన్నది నా పంతం. సీటు వెనక అడ్డగోడ, పక్క పెట్టెలు కలిపినా పది కిలోలు దాటనివ్వకూడదు.

చూడడానికి వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న: ఇది కార్బన్ ఫైబరేనా? కాదు. చాలా భాగం చదరపు మీటరుకు 200 గ్రాములుండే ఈ-గ్లాస్ బట్ట, అంటే గాజు నారల నేత. దాన్ని రెజిన్ అనే గట్టిపడే జిగురుతో తడిపి అతికిస్తాను. నడుమ 12 మిల్లీమీటర్ల పీవీసీ ఫోమ్, దానికి అటు రెండు పొరలు, ఇటు రెండు పొరలు. కార్బన్ సన్నని పట్టీలుగా కొన్నిచోట్లే ఉంది. పేరు చూసి ఖర్చు పెట్టేముందు ముక్కలు చేసి కొలవడం మేలు.

పది సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు చేసి, 60 సెంటీమీటర్ల ఎడంలో రెండు దిమ్మెల మీద పెట్టి, సరిగ్గా మధ్యలో ఐదు కిలోలు వేలాడదీశాను. నారలు నిలువుగా, అడ్డంగా ఉన్న పట్టీ నాలుగు మిల్లీమీటర్లు వంగింది. అదే బట్టను 45 డిగ్రీల ఏటవాలుగా పరిచిన పట్టీ ఏడు దాటింది. బట్ట అదే, రెజిన్ అదే, బరువూ అదే. ఇక ఫోమ్ లేకుండా ఆ నాలుగు పొరలనే అంటించిన పలుచని రేకు మీద ఐదు కిలోలు పెట్టే మాటే లేదు, తన బరువుకే రెండు వేళ్ల లోతున వేలాడింది. గట్టిదనం ప్రధానంగా పై పొరకూ కింది పొరకూ మధ్య ఉన్న దూరం నుంచి వస్తుంది. ఫోమ్ పని ఆ దూరాన్ని చెడనివ్వకుండా నిలబెట్టడం.

మరో పట్టీకి పైనా కిందా ఐదు సెంటీమీటర్ల వెడల్పున ఒకే దిశలో నడిచే కార్బన్ పట్టీ వేశాను. వంపు మిల్లీమీటరు పైచిలుకుకు తగ్గింది. పెరిగిన బరువు మీటరు పొడవుకు 50 గ్రాములు. అందుకే తొట్టి పై అంచుల వెంట, నేల మధ్య గీత వెంట మాత్రమే కార్బన్ నడుస్తుంది. మిగతా చోట్ల అది డబ్బు దండగ.

ఏటవాలు పట్టీ వంగడంలో ఓడిపోయింది గానీ మెలితిప్పుడులో లెక్క తిరగబడింది. ఒక చివర బిగించి, రెండో చివర కర్ర కట్టి తిప్పితే ఏటవాలు పట్టీ నిలువు-అడ్డం పట్టీ తిరిగినదాంట్లో సగం కూడా తిరగలేదు. కాబట్టి నేలకు నిలువు-అడ్డం పొరలు, పక్క గోడలకు ఏటవాలు పొరలు. మూడు చక్రాల బండిని గుంతలు నాలుగు చక్రాల బండినంతగా మెలితిప్పవు, మూడు కాళ్ల పీట ఎక్కడైనా కుదురుకున్నట్టే. మెలితిప్పేది తొక్కేవాడి కాళ్లు. కుడి, ఎడమ, కుడి, ఎడమ అని ప్రతి తొక్కుడూ ముందు భాగాన్ని ఒకసారి అటూ ఒకసారి ఇటూ పిండుతుంది. మలుపుల్లో నా బరువు సీటు దగ్గర పక్కకు తోస్తే దాన్ని ఆపేవి ముందు చక్రాలే. అంటే సీటుకూ ముందు ఇరుసుకూ మధ్యనున్న భాగమే అసలు కష్టం పడేది.

పొరలు ఎటు పరిచినా ఫోమ్‌కు రెండు వైపులా అద్దంలో ప్రతిబింబంలా సరిపోవాలి. ఒకవైపు ఒక తీరు, రెండోవైపు మరో తీరు పెడితే వేడి చేసి చల్లార్చాక పలక తనంతట తాను వంకర తిరుగుతుంది.

మన ఊళ్లలో ఫైబర్ పని అంటే చాలావరకు పొట్టి నారల మ్యాట్, పాలిస్టర్ రెజిన్. నీళ్ల ట్యాంకులకు, ఆటో టాపులకు అది చాలు. నేను వాడే ఎపాక్సీ రెజిన్ తో మాత్రం ఆ మ్యాట్ వాడవద్దు. దాని నారలను పట్టి ఉంచే బంక పాలిస్టర్‌లోని స్టైరీన్‌కు కరుగుతుంది గానీ ఎపాక్సీకి కరగదు, మ్యాట్ సరిగా తడవదు. పైగా తెగిన నారలకు దిశ ఉండదు. నాకు కావలసింది ఆ దిశే.

ఇక బ్యాగింగ్, అంటే తడిపిన పొరలను ప్లాస్టిక్ బ్యాగు కింద ఉంచి, పంపుతో గాలి పీల్చేసి అదిమిపట్టడం. పొరలు పరిచి తడిపాక వాటిపైన పీల్ ప్లై (గట్టిపడ్డాక ఒలిచేసే బట్ట), దానిపైన చిల్లుల ప్లాస్టిక్, ఆపైన రజాయిల్లో వాడే పాలిస్టర్ దూది షీటు, అన్నిటికీ పైన బ్యాగు, చుట్టూ సీలింగ్ టేపు. ఫోమ్‌కు ముందే సన్నని చిల్లులు పెట్టాలి, లేకపోతే కింద చిక్కిన గాలికి దారి ఉండదు. రెజిన్ కలపకముందే ఖాళీ బ్యాగులో ఒకసారి గాలి పీల్చి, పంపు ఆపి చూస్తే లీకులన్నీ అప్పుడే దొరుకుతాయి.

పంపు ఏసీ మెకానిక్ దగ్గర అద్దెకు తెచ్చాను. గేజీ ముల్లు 28 అంగుళాల (పాదరసం) దగ్గరే ఆగిందని అడిగితే, "మన ఊళ్లో అంతకు మించి పోదు సార్, గేజీ బాగానే ఉంది" అన్నాడు. నిజమే. హైదరాబాదు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది, ఇక్కడి గాలి పీడనమే అంత. అయినా నేను ముల్లును 22 దగ్గరే ఉంచుతాను. అంతకు మించి పీలిస్తే చేత్తో తడిపిన పొరల్లోంచి రెజిన్ మరీ ఎక్కువగా దూదిలోకి పోతుంది. ఆ 22 అంగుళాలకే చదరపు మీటరు మీద ఏడు టన్నులకు పైగా ఒత్తిడి పడుతుంది.

గ్లాస్‌ను ఇష్టపడడానికి మరో కారణం కన్ను. బట్ట తడిసేకొద్దీ తెల్లదనం పోయి, కింద ఫోమ్ మీద పెన్సిలుతో గీసిన గీతలు తేటగా కనబడతాయి. గాలి చిక్కిన చోట ఆవగింజంత తెల్ల చుక్క మిగులుతుంది. స్క్వీజీ (రెజిన్ నెట్టే పలక) అంచుతో దాన్ని మెల్లగా అంచుదాకా నడిపిస్తే పోతుంది. నల్లటి కార్బన్ తడిసిందో లేదో అలా చెప్పదు. గట్టిపడ్డాక రూపాయి బిళ్ళతో తొట్టంతా తట్టుకుంటూ వెళ్లాను. అతికిన చోట టంగుమంటుంది, అతకని చోట మొద్దు శబ్దం వస్తుంది. ఎడమ గోడ మూలలో అలాంటి చోటు ఒకటి దొరికింది. సన్నని చిల్లు పెట్టి సిరంజితో రెజిన్ ఎక్కించి, బరువు పెట్టి వదిలేశాను.

మేలో పని తెల్లవారుజామునే. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రెజిన్ చేతికి దొరికే సమయం దాదాపు సగమవుతుంది. కప్పులో ఉంచితే తన వేడికి తానే పొగలు కక్కుతుంది. కలపగానే వెడల్పాటి పళ్లెంలో పోసేయాలి. వానలు మొదలయ్యాక సమస్య మారింది. తేమకు ఉపరితలం మీద జిడ్డు తేలుతుంది, దాని మీద తర్వాతి పొర అతకదు. గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆరబెట్టి, ఆ తర్వాతే ఎమరీ కాగితం పట్టాలి. కడగకుండా రుద్దితే జిడ్డు గీతల్లోకి ఎక్కుతుంది.

గది వేడికే గట్టిపడిన రెజిన్ ఎండలో నిలిపిన బండికి చాలదు. ఎండకు ముదురు రంగు పలక 70 డిగ్రీలు దాటగలదు. అందుకే డాబా మీద రేకుల పెట్టెలో దశలవారీగా 60 డిగ్రీల దాకా వేడి చేశాను, రంగు తెలుపే వేస్తాను. 1975లో అమెరికా విమాన రూపకర్త బర్ట్ రూటన్ మొదట ఎగరేసిన వేరీఈజీ తరహా విమానాలు తెల్లగా ఉండడం సోకు కోసం కాదు. అచ్చు లేకుండా ఫోమ్‌ను చెక్కి దానిపైన గ్లాస్ పరిచే పద్ధతిని ఇళ్లలో విమానాలు కట్టేవాళ్లకు అలవాటు చేసినవాడు ఆయనే.

హైదరాబాదుకు ఈ విద్యతో పాత చుట్టరికం ఉంది. క్షిపణుల కోసం తయారైన తేలికపాటి పదార్థంతో నిమ్స్ ఆస్పత్రి పిల్లలకు కాలిపర్లు (కాలికి ఊతగా కట్టే పట్టాలు) చేయించిన సంగతి అబ్దుల్ కలాం చెప్పేవారు. మూడు కిలోలకు పైగా ఉన్న లోహపు కాలిపర్ల స్థానంలో 300 గ్రాములవి వచ్చాయి. ప్రతి అడుగుకూ ఎత్తాల్సిన బరువు విషయంలో గ్రాముల లెక్క చాదస్తం కాదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నా మోకాళ్లూ ఆ మాటే అంటాయి.

ప్రస్తుతం బోల్టులు పడే చోట్ల ఫోమ్ తీసి మెరైన్ ప్లైవుడ్ ముక్కలు అతికిస్తున్నాను. ఒట్టి ఫోమ్ మీద బోల్టు బిగిస్తే నలిగిపోతుంది. ముందు ఇరుసు అల్యూమినియం గొట్టం. కార్బన్ పట్టీకి అది నేరుగా తగిలితే తేమలో అల్యూమినియం తుప్పు పడుతుంది, కాబట్టి నడుమ ఒక గ్లాస్ పొర తప్పదు.

అడ్డగోడ అతికాక ఇరుసు భాగాన్ని బల్లకు బిగించి, సీటు దగ్గర మీటరు పొడవు కర్రకు బరువు కట్టి ఎంత మెలి తిరుగుతుందో కొలుస్తాను. డిగ్రీ దాటితే పక్క పెట్టెల మీద ఇంకో ఏటవాలు పొర పడుతుంది. దాని బరువు 400 గ్రాములు, పది కిలోల లెక్కలో అంతవరకు చోటు ఉంచాను.