కే తర్వాత కై: డీస్పేస్‌కి మా లైబ్రరీ నుంచి వెళ్ళిన ఒక బగ్ రిపోర్టు

మా యూనివర్సిటీ లైబ్రరీలో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల పీడీఎఫ్‌లన్నీ డీస్పేస్‌లో, అంటే పత్రాలు భద్రపరిచి వెబ్‌లో చూపించే సాఫ్ట్‌వేర్‌లో, పెడతాం. 2009 యూజీసీ నిబంధనలతో థీసిస్ ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వడం తప్పనిసరి అయింది. దేశంలోని థీసిస్‌లు చేరే శోధ్‌గంగకి పంపేది పంపుతూనే మా దగ్గర కూడా ఒకటి ఉంచుకుంటాం. శోధ్‌గంగ నడిచేదీ డీస్పేస్ మీదే. 2002లో ఎంఐటీ లైబ్రరీలు, హెచ్‌పీ ల్యాబ్స్ కలిసి విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ ఇది. ఇప్పుడు లైరసిస్ అనే సంస్థ నీడలో, ప్రపంచంలోని చాలా లైబ్రరీల వాళ్ళు కలిసి దీన్ని నడిపిస్తున్నారు. పైసా కట్టక్కర్లేదు కాబట్టే మన దగ్గర ఇంతగా పాకింది. దాన్ని మనం వాడుకోవడమే కాదు, దానికి మనమూ ఏదైనా పంపవచ్చన్న సంగతి మాకు చాలాకాలం తట్టలేదు.

పాత వెర్షన్లలో మాకేదైనా మార్పు కావాలంటే, ఎవరో ఒక కుర్రాణ్ణి పిలిపించి తెర మీది పేజీలు తయారుచేసే జేఎస్‌పీ ఫైళ్ళలో నేరుగా చెయ్యి పెట్టించేవాళ్ళం. ఏం మార్చాడో రాసిపెట్టే అలవాటు ఎవరికీ లేదు. 2021 ఆగస్టులో డీస్పేస్ 7.0 వచ్చింది. అందులో పాత జేఎస్‌పీ తెరలూ లేవు, ఎక్స్‌ఎంఎల్ తెరలూ లేవు. రెండిటి స్థానంలో ఆంగ్యులర్ అనే వెబ్ పనిముట్టుతో కట్టిన కొత్తది పెట్టారు. మా మార్పుల్లో ఒక్కటీ అందులోకి రాలేదు. 2023లో ఆరో వెర్షన్‌కి మద్దతు కూడా ఆగిపోయాక ఇక తప్పక కదిలాం. అప్పుడు పెట్టుకున్న నియమం ఒకటే: ఏ మార్పు కావాలన్నా అసలు ప్రాజెక్టుకే పంపాలి, లేదా కోర్ కోడ్ ముట్టుకోకుండా విడి ప్లగిన్‌గా పెట్టుకోవాలి. మా సిస్టమ్స్ విభాగానికి ఇది నచ్చలేదు. "ఎవరి ఆమోదం కోసమో మనమెందుకు ఎదురుచూడాలి?" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. ఎదురుచూడటం నిజంగానే ఎక్కువ.

కొత్తదానికి మారాక తెలుగు శాఖలో రిటైరైన మాస్టారొకరు శీర్షికల జాబితా చూస్తూ నన్ను పిలిచారు.

"ఏమయ్యా, మీ కంప్యూటర్‌కి గుణింతం రాదా?"

"ఏమైంది సార్?"

"కేతన మీద థీసిస్ కంటే ముందు కైఫియత్తుల మీద థీసిస్ వచ్చిందేమిటి? కె, కే, కై కదా!"

మెటాడేటా (శీర్షిక, రచయిత లాంటి వివరాలు) ఎక్కించినవాళ్ళు ఎక్కడో తప్పుగా టైపు చేసి ఉంటారనుకుని రెండు రికార్డులూ తెరిచి చూశాను. శుభ్రంగా ఉన్నాయి. పైగా వైష్ణవం వేదాంతం కంటే ముందుంది, నైషధం నేపథ్యం కంటే ముందుంది. ఐతిహ్యాల మీద ఉన్న థీసిస్ మాత్రం ఏ తర్వాత, తన చోటనే బుద్ధిగా ఉంది. అంటే తేడా ఐ అక్షరంలో కాదు, ఐత్వం గుర్తులో ఉంది.

డీస్పేస్ శీర్షికలను వరసలో పెట్టేముందు ఒక్కో శీర్షికకి ఒక సార్ట్ కీ, అంటే వరస తేల్చడానికి పోల్చి చూసుకునే రూపం, తయారుచేస్తుంది. ఇంగ్లీషు శీర్షికైతే ముందున్న 'ది', 'ఎ' లాంటివి తీసేస్తుంది, పెద్దక్షరాలను చిన్నవి చేస్తుంది, ఫ్రెంచి, జర్మన్ అక్షరాల మీది గుర్తులను అక్షరం నుంచి విడదీస్తుంది. ఈ విడదీయడమే మన కొంప ముంచింది. అక్షరాలకి సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో ై గుర్తుకి సొంత సంఖ్య ఉంది, 0సి48. కానీ విడదీయమంటే అది ఎత్వం గుర్తుగా, దాని కింద ఉండే ముక్కగా, 0సి46, 0సి56గా, రెండవుతుంది. తెలుగులో ఇలా విడిపోయే గుర్తు ఇదొక్కటే. విడిపోయాక కై అనేది కె కిందికి చేరుతుంది. కె తర్వాత హల్లులొచ్చే మాటలన్నీ అయ్యాక, కే కంటే ముందు తేలుతుంది. మాస్టారు పట్టుకున్నది సరిగ్గా అదే.

తమిళం, మలయాళం, కన్నడంలో విడిపోయే గుర్తులు ఇంకా ఎక్కువ. అక్కడ కొ అనేది కె కిందికి చేరి కే కంటే ముందు వచ్చేస్తుంది. ఇది తేలాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఒక్క తెలుగు జిల్లా యూనివర్సిటీ గొడవ అంటే ఎవరు వింటారు? నాలుగు భాషల గొడవ అంటే వినక తప్పదు.

డీస్పేస్ కోడ్ ఉండే గిట్‌హబ్ సైటులో ఇష్యూ (ఫిర్యాదు) రాసేటప్పుడు వాళ్ళిచ్చే నమూనా కొన్ని అడుగుతుంది: ఏ వెర్షన్, ఏం చేస్తే కనబడుతుంది, ఏం కనబడాలి. మా సర్వర్‌లో కనబడిందంటే సరిపోదు. డీస్పేస్ వాళ్ళు అందరి కోసం ఒక శాండ్‌బాక్స్ (ప్రయోగాల) సైటు నడుపుతారు. ఎవరైనా లాగిన్ అయి ఏమైనా ఎక్కించుకోవచ్చు, మధ్య మధ్య అంతా తుడిచేస్తారు. అందులో కె, కే, కై, కొ అక్షరాలతో మొదలయ్యే శీర్షికలు వేసి, వరస తెరపట్టు (స్క్రీన్‌షాట్) తీసి జతచేశాను. తెలుగు రానివాళ్ళకి ఆ పట్టు చూస్తే ఏం అర్థమవుతుంది? అందుకని పక్కన ప్రతి శీర్షికకీ యూనికోడ్ సంఖ్యలు రాసి, వరస ఎలా ఉండాలో కూడా రాశాను. కోడ్ కంటే ఎక్కువ శ్రమ ఈ చిన్న పట్టికకే పట్టింది. తర్వాత జరిగిన చర్చ అంతా దాని మీదే నడిచింది.

ఇష్యూ మీద 'బగ్', 'నీడ్స్ ట్రయాజ్' (ఇంకా పరిశీలించాలి) అనే లేబుళ్ళు వాటంతటవే పడ్డాయి. ఆపైన చాలాకాలం నిశ్శబ్దం. వాళ్ళు మాట్లాడుకునే స్లాక్‌లో అడిగితే ఒక పాత కాపు మర్యాదగానే అసలు సంగతి చెప్పాడు: ఇక్కడ చూడాల్సిన మార్పులు ఎక్కువ, చూసేవాళ్ళు తక్కువ, వీలైతే వేరేవాళ్ళ పుల్ రిక్వెస్టు (కలపమని పంపిన కోడ్ మార్పు) ఒకటి తీసుకుని పరీక్షించి చెప్పండి.

నాకు జావా అంతంతమాత్రం, ఆంగ్యులర్ ఇంకా తక్కువ. కానీ పరీక్షించడానికి లైబ్రరీ పని తెలిస్తే చాలు. డీస్పేస్‌కి కావాల్సిన ముక్కలు, అంటే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, వెతికిపెట్టే సోలార్, బ్యాకెండ్, ఆంగ్యులర్ తెరలు అన్నీ డాకర్ అనే పనిముట్టుతో ఒకేసారి లేపితే మా ఎనిమిది జీబీ పీసీ ఆయాసపడేది. ఆఫీసు అయ్యాక లేపి, టీ తాగి వచ్చేవాణ్ణి. ఎంబార్గో తేదీ (ఫలానా రోజు వరకు థీసిస్ తెరవకూడదని) పెట్టడం, ఐటెం వెనక్కి తీయడం, ఒక కలెక్షన్ నుంచి ఇంకోదానికి మార్చడం మేం రోజూ చేసేవే. ప్రోగ్రామర్ చూడని చోట మనకి తేడా కనబడుతుంది. ఒకసారి నేను రాసిన వ్యాఖ్య చూసి ఆ మార్పు పంపినాయన మొత్తం తిరగరాశాడు. ఆ తర్వాత నా పేరు పెట్టి పలకరించడం మొదలైంది.

నేను పంపిన మొదటి కోడ్ మార్పు కైది కాదు. అడ్మిన్ పేజీలో ఒక బటన్ మీది మాటని నేరుగా టెంప్లేట్‌లో రాసేశారు, అనువాద ఫైల్లోకి రావడం లేదు. దాన్ని సరిచేశాను. అంత చిన్నదానికీ పద్ధతి పద్ధతే. మార్పు వెయ్యి లైన్లు దాటకూడదు, లింట్ తనిఖీ (కోడ్ రాసే తీరు చూసేది) దాటాలి, పరీక్షలు పాసవ్వాలి. మామూలుగా ఇద్దరు చూసి ఒప్పుకోవాలి. మరీ చిన్నదైతే 'వన్ అప్రూవల్' అని లేబుల్ వేసి ఒకరితో సరిపెడతారు. కలిపేశాక పాత వెర్షన్ శాఖకి కూడా పంపాలని ఇంకో లేబుల్ తగిలిస్తే, ఒక బాట్ (తనంతట తాను పనిచేసే ప్రోగ్రాం) వచ్చి ఆ పని తనే చేసింది.

కై విషయానికొస్తే, డీస్పేస్ వాళ్ళ భయం సబబైనదే. సార్ట్ కీ మారితే ప్రపంచంలో ప్రతి డీస్పేస్ ఇండెక్స్‌నీ మళ్ళీ కట్టాలి. విడదీయడం మొత్తం తీసేస్తే ఫ్రెంచి, చెక్ వాళ్ళ జాబితాలు చెడతాయి. లాటిన్ లిపికి మాత్రమే విడదీద్దామన్నది నా ప్రతిపాదన. అలా లిపుల వారీగా మినహాయింపులు పెంచడం కంటే, భాషను బట్టి వరసపెట్టే కోడ్ లైబ్రరీనే వాడదామని ఇంకొకరు అన్నారు. ఆయన మాటే నయం, కానీ అది పెద్ద పని. చర్చ ఇంకా తెగలేదు.

ఈలోగా మా పని ఆగలేదు. శీర్షికల సార్ట్ కీ తయారుచేసే క్లాసుని (కోడ్ ముక్కని) కాన్ఫిగరేషన్‌లో మార్చుకునే వీలు డీస్పేస్‌లో ఉంది. విడదీయని చిన్న క్లాసు ఒకటి రాసి, దాని పేరు అక్కడ ఇచ్చి, ఇండెక్స్ మళ్ళీ కట్టించాం. ఇప్పుడు కేతన ముందు, కైఫియత్తులు తర్వాత. మాస్టారు చూసి, "సరే, ఇక ఉపోద్ఘాతాల్లో అచ్చుతప్పులు చూద్దామా?" అన్నారు.

తమిళ, మలయాళ శీర్షికలతో యూనిట్ టెస్టు (కోడ్ సరిగా పనిచేస్తోందో చూసే చిన్న పరీక్ష) రాయమని డీస్పేస్ వాళ్ళు అడిగారు. గుణింతం వరసలో, ఒక్కో అక్షరానికి కనీసం ఒక పుస్తకం పేరు ఉండే జాబితాలు కావాలి. ఆ భాషల కేటలాగులు చూసే లైబ్రరీ మిత్రులెవరైనా చదువుతుంటే, మీ జాబితాను ఆ ఇష్యూలోనే పెట్టండి.