పెట్టెలో పెట్టేసిన సినిమా

ఆదివారం, రాత్రి. వడపళని, చెన్నై.

పొద్దున ఒక జల్లు పడి ఆగింది. మార్కెట్‌కి వెళ్లి వంకాయలు, ములక్కాడలు తెచ్చాను. పదకొండింటికి అన్నయ్య కూతురు వచ్చింది. ఇక్కడే కాలేజీలో విస్కామ్ (విజువల్ కమ్యూనికేషన్) చదువుతోంది. హాస్టల్ తిండి పడక సెలవొస్తే మా ఇంటికే వస్తుంది. బుధవారం క్లాసులో చర్చట: డిస్నీ వాళ్ల 1946 నాటి సినిమా 'సాంగ్ ఆఫ్ ది సౌత్' జనానికి అందుబాటులో ఉండాలా, వద్దా? తను వద్దనే పక్షం.

అన్నాలయ్యాక ఇద్దరం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. అమెరికాలో ఈ సినిమా వీడియోగా ఎప్పుడూ రాలేదు. మాకు దొరికింది ఎవరో ఎక్కించిన మసక కాపీ. ముందు ఒక్క వివరణ లేదు, ఏ కాలం కథో చెప్పే అక్షరం ముక్క లేదు.

"చూడు బాబాయ్, తోటలో పనిచేసే నల్లవాళ్లంతా పాడుకుంటూ పోతారు. బానిసత్వం పోయిందో, ఉందో కూడా తెలియదు. పిల్లలకి కథలు చెప్పే ఆ నల్లజాతి ముసలాయన రీమస్‌కి దొరల పిల్లాడి కన్నీళ్లే లోకం. రీమస్ సొంత బాధ ఏదీ?" అంది.

నిజమే. ఇది ఈ తరం కొత్తగా కనిపెట్టిన లోపం కూడా కాదు. విడుదలైనప్పుడే నల్లజాతి వారి హక్కుల సంస్థ నాయకుడు వాల్టర్ వైట్ ఈ మాటే అన్నాడు. పనితనం బాగుందని ఒప్పుకుంటూనే, యజమానికీ బానిసకీ మధ్య అంతా ఆనందమే అన్నట్టు చూపించారని అభ్యంతరం చెప్పాడు. కొన్ని ఊళ్లలో థియేటర్ల ముందు నిరసనలు జరిగాయి. అప్పుడు కంపెనీ వినలేదు. 1986 దాకా మళ్లీ మళ్లీ విడుదల చేస్తూనే ఉంది. ఇప్పుడేమో హెచ్చరిక వేసి చూపించినా ఈ కాలానికి తగదంటోంది. డబ్బు వచ్చినన్నాళ్లూ ఆడించి, సిగ్గనిపించాక పెట్టెలో పెట్టి తాళం వేశారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. దెబ్బ తిన్నవాళ్లు అడిగితే దాచడం వేరు, చేసినవాళ్లే తమ పని కనబడకుండా దాచుకోవడం వేరు.

రీమస్‌గా నటించిన జేమ్స్ బాస్కెట్ సంగతి చెప్పాను. అట్లాంటాలో 1946 నవంబరులో తొలి ఆట వేస్తే, వర్ణవివక్ష వల్ల ఆయన దానికి వెళ్లలేకపోయాడు. తన సినిమాకే! 1948లో ఆయనకి ప్రత్యేక ఆస్కార్ ఇచ్చారు. ఆ గౌరవం అందుకున్న తొలి నల్లజాతి పురుషుడు ఆయనే. కొన్ని నెలలకే పోయాడు, 44 ఏళ్లకి. సినిమా తీసేస్తే కంపెనీకి పోయేదేమీ లేదు, ఆ మనిషి పనే కనబడకుండా పోతుంది.

మన తెలుగు సినిమా 'రైతుబిడ్డ' (1939) కూడా గుర్తొచ్చింది. జమీందార్లకి గిట్టక దాన్ని నిషేధింపజేశారు. "అది బలవంతులు నోరు నొక్కడం బాబాయ్, ఇది అది కాదు" అంది. ఒప్పుకున్నాను. మూయమన్నది ఎవరో చూడాలి. కానీ ఇక్కడ తాళం చెవి కూడా బలవంతుల చేతిలోనే ఉంది కదా.

ఇంకో సంగతి చెబితే కళ్లు పెద్దవి చేసింది. సినిమాలో రీమస్ చెప్పే ఒక కథలో కుందేలు తారుబొమ్మని కొట్టి, చేతులూ కాళ్లూ దానికే అంటుకుపోయి చిక్కుకుంటుంది. బుద్ధుడి పూర్వజన్మల కథల్లో ఒకటైన పంచావుధ జాతకంలో రాకుమారుడు రాక్షసుడికి సరిగ్గా అలాగే అంటుకుపోతాడు. ఈ పోలికని జోసెఫ్ జేకబ్స్ అనే జానపద పండితుడు ఎప్పుడో పట్టుకున్నాడు. అమెరికాలో నల్లజాతి బానిసలు చెప్పుకున్న ఇలాంటి కథల్లో చిన్న ప్రాణి తెలివితో గెలుస్తుంది. సినిమాని మూస్తే, దాంతోపాటు ఆ కథలు పిల్లలకి చేరే ఒక దారి కూడా మూసుకుపోతుంది.

"మరి క్లాసులో ఒక నల్లజాతి అమ్మాయి ఉంటే, తన ఎదురుగా వేస్తావా?" అని అడిగింది.

వేస్తాను, కానీ పిల్లల కార్టూన్ల వరసలో పెట్టి కాదు. వాల్టర్ వైట్ మాట ముందు చదివి, బాస్కెట్ సంగతి చెప్పి, ఆ తర్వాత వేస్తాను. ఆ అమ్మాయి చూడనంటే బలవంతపెట్టను, చూసి తిడితే ఆ తిట్లు కూడా అందరికీ వినిపించాలి. తనకి ఈ జవాబు పూర్తిగా నచ్చలేదు. చూసే హక్కు గురించి అంత మాట్లాడుతున్నావు, నొచ్చుకునేవాళ్ల గురించి రెండు ముక్కలేనా అంది. రాత్రి ఏడింటికి హాస్టల్ దగ్గర దింపాను. తన పక్షం మార్చుకోదట. కానీ అట్లాంటా ఆట సంగతి తన ప్రసంగంలో మొదట్లోనే చెబుతానంది.