అమ్మకు నప్పిన వినికిడి యంత్రం

అమ్మకు వినికిడి యంత్రం కొనాలనుకున్నప్పుడు మేము అన్నిటికంటే ముందు అడిగిన మాట "బయటికి కనిపించనిది ఉందా?" అన్నది. చెవి నాళంలోకి పూర్తిగా దిగిపోయే అతి చిన్న రకాన్ని చూపించారు, మేము మరో ఆలోచన లేకుండా తీసుకున్నాం. కొద్ది నెలలకే అది బీరువా సొరుగులోకి చేరింది. తప్పు ఆ యంత్రంలో లేదు. అమ్మ చెవికి, అమ్మ వేళ్లకు ఏది సరిపోతుందో మేము ఆలోచించలేదు.

ముందుగా వేళ్ల సంగతి చెబుతాను. అంత చిన్న యంత్రాల్లో సాధారణంగా పసుపు రంగు స్టిక్కరు ఉండే 10వ నంబరు సెల్లు వాడతారు. దాని వ్యాసం 6 మిల్లీమీటర్లు కూడా ఉండదు. కిటికీ పక్కన కూర్చుని, ఒడిలో తెల్ల తువ్వాలు పరచుకుని, కీళ్లనొప్పులతో బిగుసుకుపోయిన వేళ్లతో అమ్మ ఆ స్టిక్కరును గోటితో పట్టి లాగడానికి ప్రయత్నించేది. మూడోసారికి స్టిక్కరు ఊడి వచ్చేది, సెల్లు మాత్రం తువ్వాలు మడతల్లోకి జారిపోయేది. ఈ సెల్లు గాలిలోని ఆక్సిజన్‌తో పనిచేస్తుంది కాబట్టి స్టిక్కరు తీశాక ఒక నిమిషం ఆగి అమర్చాలన్న సంగతి కూడా మాకు ఆలస్యంగానే తెలిసింది.

రెండోసారి వెళ్లినప్పుడు ఆడియాలజిస్ట్ (వినికిడి పరీక్షల నిపుణులు) యంత్రాలను పక్కన పెట్టి, అమ్మ ఆడియోగ్రామ్‌ను, అంటే వినికిడి పరీక్ష ఫలితాన్ని చూపే గీతల కాగితాన్ని, మా ముందు పరిచారు. ఈ కాగితాన్ని చదవడం ప్రతి కుటుంబమూ నేర్చుకోవాలని నా అభిప్రాయం. అడ్డంగా ఎడమ నుంచి కుడికి 250 హెర్ట్జ్ మొదలుకొని 8000 హెర్ట్జ్ వరకు స్వర స్థాయిలు, అంటే బొంగురు ధ్వనుల నుంచి కీచు ధ్వనుల వరకు, ఉంటాయి, నిలువుగా పైనుంచి కిందికి శబ్ద తీవ్రతను చెప్పే డెసిబెల్స్ పెరుగుతూ పోతాయి. గీత ఎంత కిందికి దిగితే ఆ స్థాయిలో వినికిడి అంత తగ్గినట్లు. అమ్మ గీత ఎడమవైపు 30 డెసిబెల్స్ దగ్గర మొదలై, 4000 హెర్ట్జ్ వద్దకు వచ్చేసరికి 65కు జారిపోయింది. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ఇలాంటి వాలు తరచుగా కనిపిస్తుంది. అచ్చుల బలం ఎక్కువగా కింది స్వర స్థాయిల్లో, అంటే కాగితంపై ఎడమవైపు, ఉంటుంది కాబట్టి అవి చెవికి అందుతాయి. స, శ, త వంటి హల్లులను గుర్తుపట్టేందుకు కావలసిన పై స్థాయి ధ్వనులు అందవు. "మాట వినబడుతోంది గానీ ఏమన్నారో తెలియడం లేదు" అని అమ్మ ఎన్నేళ్లుగానో చెబుతున్నది సరిగ్గా ఇదే. మేము దాన్ని పరధ్యానం అనుకున్నందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నాళాన్ని మూసేసే యంత్రం ఇలాంటి చెవికి ఇబ్బంది కలిగిస్తుంది. కింది స్థాయి ధ్వనులు లోపలే చిక్కుకుని, తన గొంతు తనకే కుండలో మాట్లాడినట్లు వినిపిస్తుంది. అందువల్ల అమ్మకు, మైకులూ సెల్లూ చెవి వెనుక ఉండి, సన్నని తీగ చివర చిన్న రిసీవర్ (శబ్దాన్ని వినిపించే స్పీకరు) మాత్రం నాళంలో కూర్చునే రకాన్ని, రంధ్రాలున్న మెత్తని డోమ్‌తో, అంటే రిసీవర్‌పై తొడిగే చిన్న తొడుగుతో, రెండు చెవులకూ అమర్చారు. వినికిడి అన్ని స్థాయిల్లోనూ బాగా తగ్గినవారికి ఈ ఏర్పాటు చాలదు. పెంచిన శబ్దం ఆ రంధ్రాల గుండా బయటికి వచ్చి మళ్లీ మైకుకు చేరితే ఈల పుడుతుంది. అటువంటివారికి చెవి అచ్చు తీసి చేసిన మోల్డ్, దానికి గొట్టంతో కలిపే శక్తిమంతమైన చెవి వెనుక యంత్రం అవసరమవుతాయి. చెవి కారేవారు మాత్రం ఏ రకాన్ని ఎంచుకునే ముందైనా ఈఎన్‌టీ వైద్యుణ్ని కలవాలి. వినికిడి ఒక్కసారిగా, గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో తగ్గిపోతే అది అత్యవసరం, ఆ రోజే వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

గులిమి ఎక్కువగా వచ్చేవారి విషయంలో, రిసీవర్ చివరనుండే చిన్న జాలీని ఎప్పటికప్పుడు మార్చగలవారు ఇంట్లో ఉన్నారా అన్నది కూడా చూసుకోవాలి. మేము సెల్లు మార్చే పని లేకుండా రాత్రి చార్జింగ్ పెట్టుకునే రకం తీసుకున్నాం.

ధ్వనిని ఎన్ని చానెళ్లుగా (విడివిడిగా సరిచేయగల స్వర భాగాలుగా) విభజిస్తుందన్న అంకెల కంటే, యంత్రాన్ని ఆ చెవికి ఎలా సరిచేశారన్నదే ముఖ్యమని నాకు గట్టిగా అనిపించింది. సన్నని గొట్టంతో కూడిన మైకును నాళంలో ఉంచి, కర్ణభేరి దగ్గరకు నిజంగా ఎంత శబ్దం చేరుతోందో కొలిచే పరీక్ష ఒకటి ఉంది, అది చేస్తారా అని అడగండి. కొన్ని వారాలు ఇంట్లో వాడి చూసే అవకాశం ఇస్తారా అని కూడా అడగండి, ఎందుకంటే ఏళ్ల తరబడి అందని శబ్దాలకు మెదడు అలవాటు పడడానికి సమయం పడుతుంది.

ఆ వారాల్లో అమ్మ ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుంది. "పేపరు తిప్పితే చెవిలో గీసినట్లుంది", "నలుగురూ మాట్లాడుతుంటే మనవరాలి మాట దొరకలేదు" అని తేదీలతో సహా రాసుకుంది. తరువాతిసారి వెళ్లినప్పుడు ఆడియాలజిస్ట్ ఆ పుస్తకాన్ని పక్కన పెట్టుకుని, ఒక్కొక్క వాక్యం చదువుతూ యంత్రాన్ని సరిచేశారు.